అడగని కూర

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఆరో ఏట. ఒత్తులు ఇప్పటికీ పడాల్సిన చోట పడవు. నేను ఒక పేజీ రాసేలోపు మా కోడలు వంట చేసి, బట్టలు ఉతికి, పనికి కూడా పోతుంది. తప్పులను మన్నించండి, ఆలస్యాన్ని కూడా. కొన్నిటిని కోడలు దిద్దింది. మిగిలినవి నావే.

మాకు చిన్న మంగళారంలో ఇరవై గుంటల చేను, అంటే అరెకరం ఉంది. అందులో ఆకుకూరలు తప్ప నేను ఇంకొకటి వేయలేదు. పాలకూర, మెంతికూర, పుంటికూర అనే గోంగూర, కొత్తిమీర. తెల్లవారుజామున కోసి, కట్టలు కట్టి, ఆటోలో మొయినాబాద్ తీసుకుపోయి, రోడ్డు పక్కన గోనెసంచి పరిచి అమ్మేదాన్ని. నా పక్కన అంతమ్మ కూర్చునేది. ఆమె చేను మా చేనుకు ఆనుకునే ఉంటుంది. ఇద్దరం ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చాం. ఆమె బోనం ఎత్తుతుంది, నేను చర్చికి పోతాను, గోనెసంచి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. నన్ను వదినె అని పిలుస్తుంది.

రోడ్డు వెడల్పు చేసే పని మొదలయ్యాక మేం కూర్చునే చోటు పోయింది. ఎటు చూసినా మట్టికుప్పలు. బండి ఆపి దిగి కూర కొనే వీలు ఎవరికీ లేదు. చేవెళ్ల మార్కెట్‌కు పోయి చూశాం. అక్కడ టమాటా పెట్టెలు లారీల్లోకి ఎక్కుతుంటాయి. మా కట్టల వైపు చూసే తీరిక ఎవరికుంటుంది? ఎండ ఎక్కేసరికి మెంతికూర తలలు వేలాడేసింది. మిగిలినదంతా అక్కడి మేకలకు వేసి వచ్చాం. "మేకలన్న కడుపునిండ తిన్నయి," అంది అంతమ్మ ఆటోలో. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే మా అబ్బాయి ఎజ్రా ఒక కబురు తెచ్చాడు. ఎజ్రా కాలేజీ బస్సు నడుపుతాడు. మా చేనుకు అవతల మహేశ్వర్ అనే ఆయన లాన్ గడ్డి పెంచుతాడు. ఫామ్‌హౌసుల వాళ్ళు వచ్చి ఆ గడ్డిని చాపలు చుట్టినట్టు చుట్టి తీసుకుపోతారు. ఆయన మా చేను కౌలుకు అడిగాడట.

"ఎంతని చేస్తవమ్మా. ఇగ సాలు. ఇంట్ల కూసో," అన్నాడు ఎజ్రా.

వాడు ప్రేమతోనే అన్నాడు. కానీ కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆయన సాముయేలు పోయినప్పుడు చాలా కాలం చేనుకు పోలేదు. మంచం, గోడ, నేను. ఆ గోడ మీద ఎన్ని బీటలున్నాయో ఇప్పటికీ చెప్పగలను. అప్పుడు నన్ను లేపినవి రెండు. ఒకటి చేను. రెండోది అక్షరాలు. మా ఆయన రోజూ పొద్దుగూకాక బైబిలు పైకి చదివేవాడు. ఆయన పోయాక ఆ పుస్తకం మూసినట్టే ఉండిపోయింది. కోడలు ప్రేమజ్యోతి అది చూసి ఒక పలక కొనుక్కొచ్చింది.

వానాకాలం అయ్యేదాకా ఆగమని ఎజ్రాను అడిగాను. ఆలోపు కూర అమ్ముకునే దారి దొరికితే చేను నాకు. దొరక్కపోతే మహేశ్వర్‌కు. వాడు సరే అన్నాడు.

మరి దారి ఎక్కడ వెతకాలి? నా దగ్గర ఎజ్రా పాత ఫోను ఉంది. అందులో నోటితో ఏది అడిగినా పాటలే వచ్చేవి. అందుకని వేలితో ఒక్కొక్క అక్షరం నొక్కి అడగడం నేర్చుకున్నాను. తక్కువ భూమిలో కొత్త ఆలోచనలు అని రాశాను. ఎన్ని వచ్చాయో. చీకటి గదిలో పుట్టగొడుగులు పెంచేవాళ్ళు, మట్టి లేకుండా గొట్టాల్లో పాలకూర పెంచేవాళ్ళు, ఇంటి మీద తేనెటీగలు పెట్టుకున్నవాళ్ళు. అందరూ గబగబా మాట్లాడతారు. కింద అక్షరాలు కూడా వస్తాయి, నేను మొదటి మాట కూడబలుక్కునేలోపు పోతాయి. ప్రేమజ్యోతి నా అవస్థ చూసి, మాట వేగం తగ్గించే చోటు చూపించింది. అప్పుడు అర్థమైంది. కాకపోతే చెప్పేవాళ్ళందరూ కల్లు తాగి వచ్చినట్టు వినిపించేవారు.

"గీయనకు ఏమైంది వదినె, పాణం బాగలేదా," అని అంతమ్మ ఒకాయన్ని చూసి నిజంగానే అడిగింది.

మొదట మొలకల పని నచ్చింది. ముల్లంగి గింజలను పళ్ళేల్లో చల్లి, రెండాకులు రాగానే కోసి అమ్మడం. భూమి అక్కర్లేదు, రోడ్డూ అక్కర్లేదు అనుకున్నాను. అరుగు మీద పళ్ళేలు పెట్టాను. బాగానే వచ్చాయి. కోసి, డబ్బాల్లో పెట్టుకుని చేవెళ్ల తీసుకుపోయాను. ఒకామె డబ్బా ఎత్తి చూసి, ఇవి కోడిపిల్లలకా అని అడిగింది. కాదు, మనుషులకే అన్నాను. ఎట్లా వండాలి అంది. వండరట, పచ్చివే తింటారట అన్నాను. డబ్బా కింద పెట్టి వెళ్ళిపోయింది. చివరికి వాటిని అంతమ్మ కోళ్ళు తిన్నాయి. అవి మాత్రం వంక పెట్టలేదు.

ఆ తర్వాత వీడియోలు చూడటం తగ్గించి, వాటి కింద జనం రాసే మాటలు చదవడం మొదలుపెట్టాను. ఆ మాటలు కదలవు. నేను ఎంతసేపు చదివినా నిలబడి ఉంటాయి. చెప్పేవాడి మాటల కంటే అక్కడే పనికొచ్చేది ఎక్కువ కనిపించింది. చేసి నష్టపోయినవాళ్ళు రాస్తారు, అడిగేవాళ్ళు అడుగుతారు. అట్లా ఒకసారి ఎవరో ఒకామె రాసిన నాలుగు వరుసలు చదివాను. వాళ్ళ వీధికి ఒక రైతు కూర తెస్తాడట. ముందు రోజు సాయంత్రమే ఎవరికి ఏం కావాలో ఫోనులో అడుగుతాడట. పొద్దున అడిగినంతే కోస్తాడట. ఆయన బుట్టలో ఏమీ మిగలదట.

ఆ నాలుగు వరుసలు మళ్ళీ మళ్ళీ చదివాను. నా జన్మంతా ముందు కోశాను, తర్వాత ఎవరు కొంటారా అని చూశాను. ముందు అడిగి తర్వాత కోయొచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ప్రేమజ్యోతి మోకిలలో ఒక కొత్త కాలనీ ఆఫీసులో పని చేస్తుంది. ఆ కాలనీలో వర్షిత అనే అమ్మాయి ఆడవాళ్ళందరినీ కూడగట్టి ఏదో ఒకటి చేస్తుంటుంది. కోడలు ఆమెతో మాట్లాడింది. ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. సాయంత్రం వాళ్ళు రాస్తారు, పొద్దున మేం కోస్తాం, మా ఊరి మాణిక్యం ఆటోలో కోడలు సంచులను తనతో పాటే తీసుకుపోతుంది. వాళ్ళు రాసినవి చదవడం నా పని. మొదటి సాయంత్రం ఒక్కొక్క పేరు పైకి చదివాను. అంతమ్మ గోడకు బొగ్గుతో గీతలు పెట్టింది, పాలకూరకు ఒక చోట, పుంటికూరకు ఒక చోట. పొద్దున గీతలెన్నో కట్టలన్ని. బుట్టలో ఏమీ మిగల్లేదు. ఆ రోజు అంతమ్మ ఖాళీ బుట్టను నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోయింది.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత మేం ఒక పొరపాటు చేశాం.

పొరపాటని మాకు తెలియదు. కూర అమ్మినవాళ్ళు కొసరు వేయాలి. ఇది ఎవరూ నేర్పేది కాదు. కట్టలు సంచిలో పడ్డాక చెయ్యి దానంతట అదే ఇంకో గుప్పెడు తీసి పైన వేస్తుంది. కొసరు పడకపోతే కొన్నామె కదలదు, అమ్మినామెకు తృప్తి ఉండదు. మొదటి వారాల్లో మేం కొసరుగా వేసింది కొత్తిమీరో, పాలకూరో. ఎవరూ గమనించలేదు. తర్వాత మంచి వానలు పడ్డాయి. చేను సాళ్ళ మధ్య గంగవాయిలి కూర లేచింది. ఎర్రటి కాడలు, నూనె రాసినట్టు మెరిసే బొద్దు ఆకులు. ఎవరూ విత్తనం వేయకుండా దానంతట అదే వస్తుంది. పప్పులో వేస్తే మా ఇంట్లో ఆ రోజు ఇంకో కూర అడగరు. ఇంత లేతగా ఉన్నప్పుడు మనం ఒక్కరమే తినడమేమిటని, ఇద్దరం కలిసి ప్రతి సంచిలో తలా ఒక గుప్పెడు వేశాం. ఉన్నవాటిలో అదే మేలైనది.

పొద్దెక్కేసరికి ఫోను మోగుతూనే ఉంది. మొదటి మాట నేను చదివేలోపు కింద ఇంకా చాలా పడ్డాయి. ఫొటోలు కూడా పెట్టారు. మా గంగవాయిలిని తెల్లటి బండ మీద పెట్టి ఫొటో తీశారు. గడ్డి కలిసింది అని ఒకరు. కూర ఏరకుండానే కట్టలు కడుతున్నారు అని ఒకరు. ఇది విషమేమో, పిల్లలున్న ఇల్లు అని ఇంకొకరు. సాయంత్రం వర్షిత గొంతుతో చెప్పి పంపింది.

"ఆంటీ, ఏమనుకోకండి. బ్యాగుల్లో కలుపు మొక్కలు వస్తున్నాయని చాలామంది ఆపేద్దామంటున్నారు. ఆదివారం అందరం మాట్లాడుకుని మీకు చెప్తాను."

వాళ్ళ తప్పు లేదు. ఎప్పుడూ చూడని ఆకు, అడగకుండా ఇంట్లోకి వస్తే ఎవరైనా అట్లాగే అంటారు. ఎజ్రా ఆ గొంతు విన్నాడు. మహేశ్వర్ పేరు ఎత్తలేదు. ప్రేమజ్యోతి మాత్రం తేల్చి చెప్పింది. వాళ్ళు ఏది రాస్తే అదే పంపాలి, కొసరు గిసరు బందు చేయాలి.

పొద్దున అంతమ్మకు ఆ మాట చెప్పాను. ఆమె కట్ట కట్టడం ఆపేసింది.

"తూకం ఎవ్వడన్న ఇస్తడు వదినె. మిషన్ గూడ ఇస్తది. కొసరు వెయ్యొద్దంటే ఇగ నా చెయ్యెందుకు?"

ఇప్పటికి ఊరుకుందామని, ఆదివారం దాటనిద్దామని బతిమాలాను. ఆమె చేతులు దులుపుకుని లేచింది. మరునాడు రాలేదు. నేనొక్కదాన్నే కోసి, రాసినంతే సంచుల్లో పెట్టాను. పెట్టిన ప్రతిసారీ నా చెయ్యి గంగవాయిలి వైపు పోయి వెనక్కి వచ్చేది. సాళ్ళ మధ్య అది అట్లాగే పెరుగుతూ ఉంది.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే, అరుగు మూలన ఖాళీ పళ్ళేలు కనిపించాయి. ముల్లంగి మొలకలు పెంచినవి. కోడిపిల్లలకా అని అడిగిన ఆ చేవెళ్ల ఆమె గుర్తుకు వచ్చింది. ఆమె మొలకలను వద్దనలేదు. ఎట్లా వండాలి అని అడిగింది. నాకే సరిగ్గా చెప్పడం రాలేదు, నేనే ఎప్పుడూ తినలేదు కాబట్టి. మోకిల వాళ్ళ దగ్గర కూడా ఇదే జరిగింది. కాకపోతే ఈసారి చెప్పడం మాకు వచ్చు. చెప్పలేదంతే. గోనెసంచి ముందు కొన్నప్పుడు ఎవరైనా ఇదేమిటి అని అడిగితే అంతమ్మ వండే తీరంతా చెప్పేది, వద్దన్నా చెప్పేది. మేం సంచిలో కొసరు పంపాం, అంతమ్మ నోటిని పంపలేదు.

ఫోను పట్టుకుని వాళ్ళ ఇంటికి పోయాను. ఆమె కోళ్ళకు నూకలు వేస్తూ నన్ను చూసి అటు తిరిగింది.

"ఏంది, మీ మేడంలు పంపిన్రా?"

"నేనే వచ్చిన. నీతోని పని పడ్డది. గంగవాయిలి గురించి జర చెప్పు, ఫోన్ల పడ్తది."

"ఎవ్వలకు చెప్పాలె?"

"గడ్డి అన్నోళ్ళకు."

ఆ మాటకు నూకల చాట పక్కన పెట్టింది. చేనుకు పోయాం. వీడియో తీయడం నాకు చూపించింది కోడలే. మొదట తీసి చూసుకుని, బాగా లేకపోతే మళ్ళీ తీద్దామనుకున్నాను. అంతమ్మ ఒక మొక్క పీకి, వేర్ల మన్ను దులిపి, ఫోను ముందు పెట్టింది.

"ఓ బిడ్డలారా, గిది గడ్డి గాదు. గంగవాయిలి. మీరు అడగలే, మేమే ఏసినం. పైసల కోసం గాదు, కొసరు. కాడలు లేతగున్నకాడికి తుంచుకోవాలె. కందిపప్పు ఉడికినంక ఎయ్యాలె. పులుపు దాంట్లనే ఉంటది, చింతపండు జరంతే. ఎల్లిపాయ ఎక్కువనే దంచుకోన్రి. తిని చూడున్రి. నచ్చకుంటే మా వదినెకు ఫోన్ జేసి తిట్టున్రి, నాకు ఫోన్ లేదు."

బాగా వచ్చిందా లేదా చూద్దామని వేలు పెట్టాను. అది గ్రూపులోకి వెళ్ళిపోయింది. పంపడం నాకు వచ్చు. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం అప్పటికి నేర్చుకోలేదు.

కాసేపటికి ప్రేమజ్యోతి ఆఫీసు నుంచి ఫోను చేసింది. "అత్తమ్మా, అంతమ్మత్తతోని ఏం చెప్పిచ్చినవ్? ఈడ అందరు ఫోన్లు వట్టుకోని ఇంటున్రు," అంది. కోపంగా ఉందో నవ్వుతోందో గొంతులో తెలియలేదు.

గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. నేను చేను గట్టున కూర్చుని ఫోను వైపు చూస్తూ ఉన్నాను. అంతమ్మ మాత్రం తన పని అయిపోయినట్టు, గట్టు మీది గడ్డి కోసుకుంటోంది. చాలాసేపటికి ఒక గొంతు వచ్చింది. పెద్దావిడ గొంతు.

"అమ్మా, నాది పరిగి దిక్కు. బిడ్డ దగ్గర ఉంటున్న. మొన్న మా బిడ్డ గీ కూరను చెత్తబుట్టల పారేస్తే, ఆమె చూడకుంట ఏరి తీసి కడుక్కొని వండుకున్న. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. అందరు తిని, పాలకూర శాన బాగున్నదన్నరు."

నేను ఆ గొంతును అంతమ్మకు రెండుసార్లు వినిపించాను. మూడోసారి ఆమే అడిగి పెట్టించుకుంది.

ఆ తర్వాత అడగడం మొదలైంది. నీళ్ళు ఎంత పోయాలి, పెసరపప్పుతో కుదురుతుందా, పిల్లలకు పెట్టొచ్చా. నేను అడిగినవి చదివేదాన్ని, అంతమ్మ చెప్పేది, నేను పంపేదాన్ని. అందరూ మారారని కాదు. కొందరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కొందరు, మేం అడిగినవే ఇవ్వండి, ఇంకేమీ వద్దు అని మర్యాదగానే రాశారు. అది కూడా న్యాయమే. అందుకని కొసరు కావాలో వద్దో ముందే అడిగే పద్ధతి పెట్టింది ప్రేమజ్యోతి. కొసరు వద్దనేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని అంతమ్మకు నమ్మకం కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వర్షిత ఫోను చేసింది. గ్రూపు నడుస్తుందని చెప్పి, గంగవాయిలిని కిలోల లెక్కన అమ్ముతారా అని అడిగింది. ప్రేమజ్యోతి ముఖం వెలిగింది. అంతమ్మ అడ్డంగా తల ఊపింది.

"ఇత్తకుంట, పెట్టకుంట దానంతట అది వచ్చింది. దాన్ని అమ్ముకుంటే ఇగ కొసరుకు ఏం ఉంటది?"

నేనూ ఆమె వైపే నిలబడ్డాను. దానంతట అది వచ్చేది అమ్మం, కొన్నవాళ్ళకు వేస్తాం. కోడలు కాసేపు ముఖం మాడ్చుకుంది. తర్వాత, వారం వారం గ్రూపులో పేర్లు పెరుగుతుంటే ఊరుకుంది. ఈ రోజు కొసరు ఏమిటో చూద్దామని కూడా కొందరు పాలకూర రాస్తున్నారని ఆమే చెప్పింది. ఒక రోజు పొన్నగంటి, ఒక రోజు గునుగాకు. వినాయక చవితి నాడు, ఆ పూట తప్పక తినే తుమ్మికూర. ఆ పండుగ మాకు లేదు. కోసింది నేను, దాని సంగతి ఫోనులో చెప్పింది అంతమ్మ. ప్రతి దానికీ ఒక చిన్న వీడియో. పేరు నేను రాస్తాను, కొన్నిసార్లు ఒత్తు తప్పుతుంది, పరిగి అమ్మ గొంతుతో సరిచేసి పంపుతుంది.

ఇప్పటికీ నేను ఫోనులో కొత్త సంగతులు వెతుకుతాను. అడిగిన దాని కంటే కొంచెం ఎక్కువ ఇస్తే కొనేవాళ్ళు మళ్ళీ వస్తారని ఒకాయన వీడియోలో బొమ్మలు గీసి చెప్తుంటే అంతమ్మకు చూపించాను. వేగం తగ్గించి పెట్టాను. చివరిదాకా ఓపికగా విన్నది.

"మంచిగనే చెప్పిండు గని, గింత మాటకు గంత సేపా?" అంది.

వానలు వెనకబట్టాక ఎజ్రా ఒక పొద్దున మహేశ్వర్‌ను చేనుకు తీసుకువచ్చాడు. వానలయ్యాక తేల్చి చెప్తానని ఆయనకు మాట ఇచ్చాడట, తీసుకురావాల్సిందే. నేను కోత ఆపలేదు. అంతమ్మ కట్టలు కడుతూనే ఉంది. మహేశ్వర్ గట్టు మీద నడిచి, నేల చూసి, బోరు చూసి, సాళ్ళ మధ్యకు వచ్చి వంగి చూశాడు.

"అవ్వా, గిది మా గడ్డిల మొలిస్తే కూలోళ్ళను వెట్టి పీకిపిస్త. నువ్వు నీళ్ళు వెట్టి పెంచుతున్నవా?"

"పీకినంక ఏం జేస్తవ్?" అని అడిగాను.

"కుప్ప వోస్త."

"మందు గొడ్తవా దానికి?"

"కొడ్త మరి."

"అయితే వద్దులే బాపు. లేకుంటే నాకే పంపుమందును."

మహేశ్వర్ నవ్వాడు. మంచి మనిషే. తర్వాత ఎజ్రా వైపు తిరిగి, ఏమంటావని అడిగాడు. నా చేతిలో కొడవలి ఆగింది. ఎజ్రా కట్టల కుప్ప చూశాడు, గోడ మీదినుంచి ఇప్పుడు అట్టముక్క మీదికి వచ్చిన అంతమ్మ గీతలు చూశాడు, నన్ను చూశాడు.

"నన్నెందుకు అడుగుతవన్నా. ఆమె కూసోను అంటున్నది," అన్నాడు.

మహేశ్వర్ గట్టు వైపు నడిచాడు. పోతూ పోతూ ఆగి, ఆ గంగవాయిలి ఒక గుప్పెడు ఇస్తే ఇంట్లో వండించి చూస్తానన్నాడు. నేను వంగబోతుంటే అంతమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"కొసరు ఊకె రాదు బిడ్డా. ముందుగాల పాలకూర తీస్కో," అంది.

ఆయన రెండు కట్టలు కొన్నాడు. ఎట్లా వండాలో అంతమ్మ గేటు దాకా చెబుతూ పోయింది.

మారెమ్మ, వయసు అరవై ఒకటి. పుట్టింది చేవెళ్ల దగ్గర. ఇప్పుడు ఉంటున్నది మొయినాబాద్ మండలం చిన్న మంగళారంలో, కొడుకు, కోడలి దగ్గర, చేనుకు దగ్గరలో.